నదితో పాటు... సైకిల్ మీద!

ఆల్ప్స్ అనగానే మనకు గుర్తొచ్చేవి తెల్లటి మంచుకొండలు, వాటి ముందు స్టెప్పులేసే హీరోహీరోయిన్లు. ఆ కొండల్లో సైకిల్ తొక్కడమంటే... అమ్మో, మామూలు మనుషుల పనేనా అనిపిస్తుంది. నిజమే, కొండెక్కాలంటే కండలు కావాలి. కానీ దిగడానికి? నది ఎటు పోతే అటు, అది ఎంత నెమ్మదిగా దిగితే అంత నెమ్మదిగా దిగుతూ, పిల్లల్నీ పెద్దవాళ్లనీ వెంటబెట్టుకుని వెళ్లిపోయే దారి ఒకటుంది. అదే ఉత్తర ఇటలీలోని ఆడిజె నది లోయ.

ఇటలీలో పో తర్వాత పొడవైన నది ఆడిజె. మొత్తం 410 కిలోమీటర్లు. ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, ఇటలీ సరిహద్దులు కలిసే చోట, రెషెన్ కనుమ దగ్గర 1,550 మీటర్ల ఎత్తున చిన్న ఊటగా పుడుతుంది. ఆ ఊట దగ్గర్నుంచి రోమియో జూలియట్ల కథ జరిగిందని చెప్పే వెరోనా నగరం దాకా నది పక్కనే సైకిల్ బాట ఉంది. మూడొందల కిలోమీటర్లకు కాస్త అటూఇటూ. కారులో అయితే ఒక్క పూటలో దాటేయొచ్చు. సైకిల్ మీద అయిదారు రోజులు పడుతుంది. ఆ తేడాలోనే ఉంది అసలు సంగతంతా. ఎందుకంటే ఈ లోయ కథ నీళ్ల కథ. ఎవరు ఆపారు, ఎవరు పంచుకున్నారు, ఎవరు మునిగారు... ఇవి కారు అద్దంలోంచి కనపడవు.

నీళ్లలో గంటస్తంభం

బయల్దేరిన కాసేపటికే ఎవరైనా సైకిల్ ఆపేసే చోటు వస్తుంది. ఆరు కిలోమీటర్ల పొడవున నీలంగా పరుచుకున్న రెషెన్ సరస్సు. ఒడ్డుకు కొంచెం దూరంలో నీళ్ల మధ్య నిటారుగా ఓ చర్చి గంటస్తంభం. చర్చి లేదు, ఊరు లేదు, స్తంభం ఒక్కటే! పర్యాటకులు వరుసకట్టి ఫొటోలు తీసుకుంటూ ఉంటారు. చాలామందికి అదో అందమైన వింత.

ఆ స్తంభం 14వ శతాబ్దానిది. దాని చుట్టూ ఒకప్పుడు గ్రౌన్ అనే ఊరుండేది. అక్కడ రెండు చిన్న సరస్సుల్ని కలిపి జలవిద్యుత్తు కోసం పెద్ద జలాశయం కట్టాలన్నది పాత ఆలోచన. మొదట్లో నీటిమట్టం అయిదు మీటర్లు పెంచితే చాలన్నారు. ముస్సోలినీ పాలన చివరికొచ్చేసరికి అది 22 మీటర్లయింది. ఆ సంగతి చెబుతూ 1940లో ఊళ్లో నోటీసు అంటించారు... ఇటాలియన్‌లో! ఊరివాళ్లు మాట్లాడేదేమో జర్మన్. తమ ఊరు మునిగిపోతుందని రాసిన కాగితాన్ని చదివి అర్థం చేసుకోగలిగినవాళ్లే తక్కువ.

యుద్ధం వచ్చి పని ఆగింది. ఇక పీడ విరగడైందనుకున్నారు జనం. యుద్ధం ముగిశాక మళ్లీ మొదలైంది. డబ్బు చాలకపోతే స్విట్జర్లాండ్ నుంచి అప్పు దొరికింది, బదులుగా చలికాలంలో కరెంటు ఇచ్చే ఒప్పందం మీద. ఊరి ఫాదర్ ఆల్‌ఫ్రెడ్ రీపర్ రోమ్ వెళ్లి పోప్ 12వ పయస్‌కు కూడా మొర పెట్టుకున్నారు. ఫలితం లేదు. 1950 వేసవిలో గ్రౌన్, పక్కనున్న రెషెన్ ఊళ్లలో కలిపి 163 ఇళ్లు పడగొట్టారు. 523 హెక్టార్ల పొలాలు, పచ్చికబయళ్లు నీళ్లపాలయ్యాయి. పశువుల మేపుమీద బతికే ఊళ్లవి. పచ్చిక పోయాక పశువుల్ని అమ్ముకోక తప్పలేదు. కొన్ని కుటుంబాలు పై గట్టున కొత్త ఊరు కట్టుకున్నాయి. మిగతావి చెట్టుకొకటి పుట్టకొకటి అయ్యాయి. చర్చినీ కూల్చేశారు. పురాతన కట్టడమన్న కారణంతో గంటస్తంభాన్ని మాత్రం వదిలిపెట్టారు.

జలాశయం సామర్థ్యం మన లెక్కలో నాలుగు టీఎంసీలకు కొంచెం ఎక్కువ. శ్రీశైలం జలాశయంలో నీళ్లు తగ్గినప్పుడల్లా బయటపడే సంగమేశ్వరం గుడిని చూసినవాళ్లకు ఆ స్తంభం కొత్తగా అనిపించదు. చలికాలం సరస్సు గడ్డకడితే మంచుమీద నడుచుకుంటూ స్తంభం దాకా వెళ్లి తాకి రావచ్చు. కొన్ని రాత్రుల్లో గంటలు వినిపిస్తాయని చెప్పుకుంటారు. గంటల్ని మాత్రం కూల్చివేతల నాడే దించేశారు! 2018లో ఇటాలియన్ రచయిత మార్కో బల్జానో ఈ ముంపు మీద నవల రాశాక చూడటానికొచ్చేవాళ్లు ఇంకా పెరిగారు. 2021లో మరమ్మతుల కోసం నీళ్లు కొంత వదిలినప్పుడు పాత ఇళ్ల పునాదులు, మెట్లు బయటపడ్డాయి. ఒకప్పుడు వాకిలి ఊడ్చుకున్న చోటు, డెబ్భై ఏళ్ల తర్వాత బురదలో!

బ్రేకుల మీద చెయ్యి

సరస్సు దాటాక దారి ఒక్కసారిగా కిందికి జారుతుంది. మాల్స్, గ్లూర్న్స్ ఊళ్ల వైపు దిగే ఈ పది పన్నెండు కిలోమీటర్లలో అయిదొందల మీటర్లకు పైగా ఎత్తు తగ్గిపోతుంది. ప్రయాణం మొత్తంలో జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. అదేపనిగా బ్రేకు నొక్కి పట్టుకుంటే రిమ్ములు వేడెక్కుతాయి. నొక్కుతూ, వదులుతూ దిగాలి. మధ్యమధ్య ఆగి చేతులకు విశ్రాంతినివ్వాలి.

ఆగితే మరో లాభం. కుడివైపు కొండమీద తెల్లగా మేరియన్‌బెర్గ్ మఠం కనిపిస్తుంది. 1,340 మీటర్ల ఎత్తున ఉన్న ఈ మఠం బెనెడిక్టైన్ సన్యాసులకు యూరప్‌లోకెల్లా ఎత్తయిన నివాసమని పేరు. ఎదురుగా దూరంగా 3,905 మీటర్ల ఆర్ట్‌లర్ శిఖరం. ఈ ప్రాంతంలో జంట రొట్టె ఒకటి ప్రసిద్ధి. రై పిండితో చేసిన రెండు గుండ్రటి రొట్టెల్ని అతుక్కునేలా కాలుస్తారు. ఈ రొట్టె పుట్టింది ఆ మఠంలోనే అంటారు. ఆలుమగలకు గుర్తుగా రెండు అన్నమాట. ఇంట్లో ఒకరు పోతే మిగిలినవాళ్లకు ఒక్క రొట్టే చేసేవారని పాతకాలం వాళ్లు చెప్పే మాట.

దిగువన గ్లూర్న్స్. పేరుకు పట్టణం, జనాభా తొమ్మిదొందల చిల్లర! చుట్టూ కోటగోడ, మూడు ద్వారాలు. 1499లో ఇక్కడికి దగ్గర్లోని కాల్వెన్ దగ్గర జరిగిన యుద్ధంలో స్విస్ సేనలు గెలిచి ఊరిని తగలబెట్టాయి. ఆ భయంతో 16వ శతాబ్దంలో కట్టుకున్న గోడ ఇప్పటికీ చెక్కుచెదరలేదు. రాజుల గుర్రాలు వెళ్లిన ద్వారంలోంచి ఇప్పుడు వెనక బుల్లి ట్రాలీలో పాపాయిని కూర్చోబెట్టుకున్న సైకిళ్లు వెళుతుంటాయి.

కండలున్నవాళ్లకు సవాలు కూడా దగ్గర్లోనే ఉంది. ఇక్కణ్నుంచి పక్కకు తిరిగితే స్టెల్వియో కనుమ. 2,757 మీటర్ల ఎత్తుకు ఈ వైపు నుంచి 48 మలుపులు! 1953లో జిరో డి ఇటాలియా పోటీ మొదటిసారి ఈ కొండెక్కినప్పుడు ఫౌస్టో కొప్పి అందర్నీ వెనక్కినెట్టి విజేతగా నిలిచాడు. మామూలు యాత్రికులు ఆ మలుపుల్ని కింది నుంచే చూసి, దండం పెట్టి, నది వైపు తిరుగుతారు.

కాలవకు కాపలా... ఓ గంట!

చుట్టూ మంచుకొండలు, మధ్యలో నది. ఇక నీళ్లకేం కరవు అనిపిస్తుంది కదూ? కానీ వింష్‌గావ్ అని పిలిచే ఈ పై లోయ ఆల్ప్స్‌లో బాగా వాన తక్కువ ప్రాంతాల్లో ఒకటి. మేఘాలన్నీ రెండువైపులా ఎత్తయిన కొండలకు తగిలి అక్కడే కురిసేస్తాయి. లోపలికి మిగిలేది ఏడాదికి సుమారు 500 మిల్లీమీటర్లు. అంటే ఇంచుమించు మన అనంతపురం వాన!

అందుకే వందల ఏళ్ల కిందటే ఇక్కడి రైతులు కొండ చరియల్ని తొలిచి, రాళ్లు పేర్చి, ఎక్కడ వీలుకాకపోతే అక్కడ చెక్క తొట్లు వేలాడదీసి, పైనుంచి హిమనదాల నీళ్లను పొలాలకు తెచ్చుకున్నారు. ఈ కాలవల్ని స్థానికంగా వాల్ అంటారు. నీళ్లు వంతులవారీగా పంచుకోవాలి. ఒకరి వంతులో మరొకరు మడవ తిప్పితే గొడవే. దీన్నంతా చూసుకోవడానికి ఊరు ఒక మనిషిని పెట్టుకునేది. మన చెరువుల కింద నీరటి, నీరుగంటి ఉన్నట్టే!

ఆ మనిషి ఇరవై నాలుగ్గంటలూ కాలవ పొడవునా తిరగలేడుగా? దానికో ఉపాయం చేశారు. కాలవలో చిన్న చక్రం పెట్టారు. నీరు పారినంతసేపూ అది తిరుగుతూ ఓ సుత్తితో గంట కొడుతుంటుంది. టంగ్... టంగ్... అని వినిపిస్తున్నంతసేపూ అంతా బాగున్నట్టే. చప్పుడు ఆగిందంటే ఎక్కడో గండిపడిందనో, రాళ్లు అడ్డం పడ్డాయనో లెక్క. అర్ధరాత్రయినా పార భుజాన వేసుకుని బయల్దేరాల్సిందే. ఇప్పుడు చాలా పొలాలకు పైపులూ డ్రిప్పులూ వచ్చాయి. అయినా కొన్ని కాలవలు ఇంకా పారుతున్నాయి. వాటి గట్లమీద నడకదారులు వేశారు. యూరప్‌లోని ఇలాంటి సంప్రదాయ నీటిపారుదల పద్ధతుల్ని యునెస్కో 2023లో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

పువ్వుకు మంచు దుప్పటి

గ్లూర్న్స్ దాటితే ఇక ఆపిల్ తోటలే తోటలు. సైకిల్ బాటకు అటూఇటూ తీగలకు కట్టిన పొట్టి చెట్లు, చేయి చాపితే అందేంత దగ్గరగా. (అందినా కోయకూడదు. దారిలో అక్కడక్కడా రైతులు పెట్టిన అమ్మకపు బల్లలుంటాయి.) ఈ లోయ ఉన్న దక్షిణ టిరోల్ ప్రాంతంలో ఏటా తొమ్మిది పది లక్షల టన్నుల ఆపిల్స్ పండుతాయి. ఇటలీ మొత్తం పంటలో దాదాపు సగం అన్నమాట. ఇదంతా బడా కంపెనీల ఎస్టేట్లనుకుంటే పొరపాటు. సగటు కమతం మూడు హెక్టార్లకు అటూఇటూ. అంటే ఏడెకరాలు! ఏడెకరాల రైతులు వేలమంది సహకార సంఘాలుగా చేరి, గిడ్డంగులు కట్టుకుని, సొంత బ్రాండ్లతో ప్రపంచమంతా అమ్ముతున్నారు. మన పండ్ల దుకాణాల్లో ఇటలీ స్టిక్కరుతో కనిపించే ఆపిల్‌కి ఈ లోయే సొంతూరు కావచ్చు.

ఏప్రిల్‌లో వెళ్లినవాళ్లకు ఓ విచిత్రం కనిపిస్తుంది. చెట్ల నిండా పూత. తెల్లవారుజామున ఉష్ణోగ్రత సున్నాకంటే పడిపోతుందని తెలిస్తే రైతులు స్ప్రింక్లర్లు తిప్పి పూతంతా తడిపేస్తారు! చలికి వణికేవాడి మీద నీళ్లు పోసినట్టు? కాదు. నీరు గడ్డకట్టేటప్పుడు తనలోని వేడిని వదులుతుంది. ఆగకుండా నీళ్లు పడుతూ, గడ్డకడుతూ ఉంటే లోపలి పువ్వు సున్నా డిగ్రీల దగ్గరే నిలబడుతుంది. అంతకంటే చల్లబడదు, మాడిపోదు. పొద్దున సూర్యుడొచ్చేసరికి ఒక్కో పువ్వూ గాజుబుడ్డీలో పెట్టినట్టు మెరుస్తుంటుంది. ఆ అందం వెనక రాత్రంతా నిద్రపోని రైతు ఉన్నాడు.

తోటలు పెరిగేకొద్దీ మరో సమస్య వచ్చింది. పురుగుమందులు గాలికి కొట్టుకుపోయి పక్క పొలాల మీద, బడుల మీద, ఇళ్లమీద పడుతున్నాయన్న ఆందోళన. ఒకప్పుడు గోధుమ, రై పండిన పై గ్రామాల వైపు కూడా ఆపిల్ పాకుతుంటే... ఇందాక దాటొచ్చిన మాల్స్ ఊరు 2014లో ఓ పని చేసింది. రసాయన పురుగుమందులు మనకు కావాలా, వద్దా అని జనాన్నే ఓటు అడిగింది. ఓటేసినవాళ్లలో నూటికి 75 మంది వద్దన్నారు. యూరప్ అంతా ఆ చిన్న ఊరి వైపు చూసింది. ఆ తీర్పు ప్రకారం ఊరు చేసుకున్న నిబంధన తర్వాత కోర్టులో నిలవలేదు. మందులు లేకుండా ఆపిల్ పండించలేమన్న రైతులకూ వాళ్ల లెక్కలు వాళ్లకున్నాయి. వాదన ఇంకా ముగియలేదు. కానీ ఓ తేడా ఉంది. పైన గ్రౌన్‌లో 1940లో నోటీసు అంటించారు. అక్కడికి పాతిక కిలోమీటర్ల లోపే ఉన్న మాల్స్‌లో 2014లో ఓటుపెట్టె పెట్టారు.

ఊరొకటి... పేర్లు రెండు

కొత్తగా వచ్చినవాళ్లు దారిలో తికమకపడే విషయం ఒకటుంది. ప్రతి బోర్డుమీదా రెండు పేర్లు. గ్రౌన్‌కి కురోన్, మాల్స్‌కి మల్లెస్, గ్లూర్న్స్‌కి గ్లొరెంజా. నదికీ అంతే. ఇటాలియన్లకు ఆడిజె, జర్మన్ మాట్లాడేవాళ్లకు ఎచ్.

మొదటి ప్రపంచయుద్ధం ముగిసేదాకా ఈ ప్రాంతం ఆస్ట్రియాది. తర్వాత ఇటలీ చేతికొచ్చింది. ముస్సోలినీ ప్రభుత్వం జర్మన్ బడుల్ని మూసేసింది. ఊళ్ల పేర్లు మార్చింది. 1939లో హిట్లర్, ముస్సోలినీ కలిసి ఇంకో మెలిక పెట్టారు. జర్మన్ మాట్లాడేవాళ్లు జర్మనీకి వెళ్లిపోవచ్చు. లేదంటే ఇక్కడే ఉండి ఇటాలియన్లుగా మారిపోవాలి. పుట్టిన ఊరా, తల్లిభాషా... ఏదో ఒకటే తేల్చుకోమన్నమాట! నూటికి ఎనభై మందికి పైగా వెళ్లిపోతామని రాసిచ్చారు. అందులో సుమారు 75 వేల మంది నిజంగానే వెళ్లారు. అన్నదమ్ములు మాటలు మానుకున్న ఇళ్లు ఎన్నో.

యుద్ధం తర్వాత 1948లో ఒకసారి, మరింత గట్టిగా 1972లో ఒకసారి ఈ ప్రాంతానికి స్వయం ప్రతిపత్తి ఇచ్చారు. ఇవాళ ఇక్కడ నూటికి దాదాపు డెబ్భై మంది ఇంటిభాష జర్మన్. మిగిలినవాళ్లలో ఎక్కువమందిది ఇటాలియన్, కొందరిది లదీన్ అనే పాత భాష. వేటి బడులు వాటికున్నాయి. పన్నుల్లో చాలాభాగం ఇక్కడే ఖర్చవుతుంది. సైకిల్ తొక్కేవాళ్ల చక్రాల కింది నున్నటి దారి కూడా ఆ డబ్బుతో వేసిందే.

పోయిన రైలు తిరిగొచ్చింది

మెరానో నుంచి మాల్స్ దాకా 60 కిలోమీటర్ల రైలుమార్గం 1906లో మొదలైంది. జనం కార్లు కొనుక్కున్నాక నష్టాలొస్తున్నాయంటూ 1990 ప్రాంతంలో మూసేశారు. పట్టాలకు తుప్పు పట్టింది. మూసిన రైలు మళ్లీ రావడం ఎక్కడైనా అరుదు. ఇక్కడ ప్రాంతీయ ప్రభుత్వమే ఆ లైనును తీసుకుని, బాగుచేసి 2005 మేలో తిరిగి నడిపింది. బడిపిల్లలు, ఉద్యోగులు, యాత్రికులు... రైళ్లు నిండాయి.

సైకిల్ యాత్రకు ఇదే ప్రాణం పోసింది. స్టేషన్ దగ్గరే సైకిల్ అద్దెకు తీసుకోవచ్చు. రైల్లో పైకి వెళ్లి, సైకిల్ మీద కిందికి వచ్చి, మరో స్టేషన్లో అప్పగించేయొచ్చు. కాళ్లు నొప్పి పుట్టినా, పిల్లలు మారాం చేసినా, వానొచ్చినా తర్వాతి స్టేషన్లో రైలెక్కేయడమే. డెబ్భై దాటిన దంపతులు కూడా జంటగా తొక్కుకుంటూ కనిపిస్తారంటే ఆ భరోసాయే కారణం. బ్యాటరీ సైకిళ్లొచ్చాక ఎదురెక్కేవాళ్లూ పెరిగారు.

దారిలో లాస్ ఊరి దగ్గర ఫ్లాట్‌ఫారం, కాలిబాట తెల్లగా మెరుస్తాయి. ఇక్కడ దొరికే పాలరాయి అంత మేలైనది. రెండో ప్రపంచయుద్ధంలో చనిపోయిన అమెరికా సైనికుల సమాధులమీద శిలువలకు, న్యూయార్క్‌లో 2016లో తెరిచిన వరల్డ్ ట్రేడ్ సెంటర్ రైల్వేస్టేషన్ నేలకు ఈ రాయే వెళ్లింది. ఇంకొంచెం కిందికొస్తే నాటూర్న్స్. అక్కడి ప్రొకులస్ చర్చి గోడమీద ఉయ్యాల ఊగుతున్నట్టు కనిపించే సాధువు బొమ్మ ఉంది. వెయ్యేళ్లకు పైబడిన చిత్రమది. ఊరి పక్కనే ష్నాల్స్ లోయ కలుస్తుంది. ఆ లోయ తలాపున 3,210 మీటర్ల ఎత్తున 1991 సెప్టెంబరు 19న మంచులో ఓ శవం బయటపడింది. ఎవరో పర్వతారోహకుడనుకున్నారు. తీరా చూస్తే 5,300 ఏళ్ల కిందటి మనిషి! అతనికి ఓట్జి అని పేరు పెట్టారు. ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దు కొలిస్తే శవం దొరికిన చోటు 92 మీటర్లు ఇటలీ వైపు ఉందని తేలింది. ఇప్పుడతను దిగువన బోల్జానో నగరంలోని మ్యూజియంలో, చల్లటి గదిలో ఉన్నాడు.

కరకట్ట మీద...

మెరానో 325 మీటర్ల ఎత్తున ఉంది. రెషెన్ నుంచి ఇక్కడికి 80 కిలోమీటర్లలో దాదాపు 1,170 మీటర్లు దిగామన్నమాట. పైన స్వెట్టరు వేసుకుని బయల్దేరినవాళ్లు ఇక్కడ తాటిచెట్ల నీడన ఐస్‌క్రీమ్ తింటారు! ఇక్కణ్నుంచి లోయ విశాలమవుతుంది. నది బుద్ధిగా, తిన్నగా సాగుతుంది. ఆ బుద్ధి దానంతటది రాలేదు. ఒకప్పుడు ఆడిజె మెలికలు తిరుగుతూ లోయంతా చిత్తడి చేసేది. చిత్తడిలో దోమలు, దోమలతో మలేరియా. 18, 19 శతాబ్దాల్లో మెలికలు కోసి, రెండువైపులా కరకట్టలు పోసి నదిని దారిలో పెట్టారు. సైకిల్ బాట చాలాచోట్ల ఆ కరకట్టల మీదే వెళుతుంది. ట్రెంటో నగరంలోనైతే రైలుమార్గం కోసం 19వ శతాబ్దంలో నదినే పక్కకు జరిపారు.

నది మాత్రం మరిచిపోలేదు. 1882లో వరద లోయనంతా ముంచెత్తింది. వరద ముదిరినప్పుడు నీటిని గార్డా సరస్సులోకి మళ్లించేందుకు తర్వాత పది కిలోమీటర్ల సొరంగం తవ్వారు. 1939లో మొదలుపెడితే పూర్తయ్యేసరికి 1959.

ఈ దారిన పోయేవాళ్లకు గాలి ఓ పాఠం చెబుతుంది. పొద్దున్నే హాయిగా సాగిన సైకిల్ మధ్యాహ్నానికి బరువెక్కుతుంది. ఎండకు కొండచరియలు వేడెక్కి గాలి పైకి లేస్తే, ఆ ఖాళీని నింపడానికి మైదానం నుంచి లోయలోకి గాలి వీస్తుంది. దక్షిణానికి వెళ్లేవాళ్లకు అది ఎదురుగాలి. అందుకే తెలిసినవాళ్లు తెల్లవారుతూనే బయల్దేరి, మధ్యాహ్నానికి బస చేరుకుంటారు. ట్రెంటో ప్రాంతంలో సైకిల్‌వాళ్ల కోసమే బాట పక్కన చిన్న హోటళ్లున్నాయి. వాటిని బీచిగ్రిల్ అంటారు. కాఫీ తాగి, టైర్లలో గాలి కొట్టుకుని మళ్లీ సాగిపోవచ్చు.

ఈ దారి నిన్నమొన్నటిది కాదు. రోమన్ చక్రవర్తి క్లాడియస్ క్రీస్తుశకం 46లో ఇదే లోయ గుండా ఆల్ప్స్ దాటించే బాట పూర్తిచేయించాడు. ఆ సంగతి చెక్కిన మైలురాయి మెరానో దగ్గర 1552లో దొరికింది. సైన్యం నడవడానికి వేసిన దారిలో ఇప్పుడు నడుస్తున్నవి సైకిళ్లు.

రాళ్లు ఏరి కట్టిన వంతెన

ట్రెంటో దాటాక రోవెరెటో. ఊరిపైన కొండమీద ఓ పెద్ద గంట. మొదటి ప్రపంచయుద్ధంలో తలపడిన దేశాల ఫిరంగుల్ని కరిగించి 1924లో తొలిసారి పోతపోశారు. తర్వాత మళ్లీ పోశారు. బరువు 22 టన్నులకు పైగానే. రోజూ సాయంత్రం నూరుసార్లు మోగుతుంది. ఏ దేశంవాళ్లయినా సరే, యుద్ధాల్లో పోయినవాళ్లందరి కోసం.

చివరికి వెరోనా. కొండలు వెనక్కి తగ్గిపోతాయి. నది నగరం చుట్టూ పాములా మెలిక తిరుగుతుంది. ఆ మెలిక మీద రోమన్లు కట్టిన రాతివంతెన, పోంటె పియెత్రా. రెండువేల ఏళ్లు నిలిచిన ఆ వంతెనను 1945 ఏప్రిల్‌లో వెనుదిరిగి పోతున్న జర్మన్ సైన్యం పేల్చేసింది. యుద్ధం ముగిశాక వెరోనా జనం కొత్త వంతెన కట్టుకోవచ్చు. కట్టుకోలేదు. నదిలో పడ్డ పాత రాళ్లను ఒక్కొక్కటే పైకి తీశారు. పాత ఫొటోలు చూసుకుంటూ ఏ రాయి ఎక్కడిదో పోల్చుకున్నారు. 1959కల్లా వంతెన మళ్లీ లేచి నిలబడింది. అదే ఆకారం, చాలామటుకు అవే రాళ్లు.

పైన గ్రౌన్‌లో ఓ ఊరిని నీళ్లలో కలిపేసిన తర్వాత పదేళ్లయినా తిరగకుండానే, కింద వెరోనాలో అదే నది నీళ్లలోంచి ఓ వంతెనను ఏరుకున్నారు. రెండూ చేసింది మనుషులే.

వెళ్లాలనుకుంటే...

* ఏప్రిల్ చివరి నుంచి అక్టోబరు దాకా అనువైన కాలం. పూత చూడాలంటే ఏప్రిల్, పండ్లు చూడాలంటే సెప్టెంబరు.

* మన దేశం నుంచి వెళ్లేవాళ్లకు షెంగెన్ వీసా కావాలి. ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ నుంచి లాండెక్ దాకా రైల్లో వచ్చి, అక్కణ్నుంచి బస్సులో రెషెన్ వైపు చేరుకోవచ్చు. మ్యూనిక్‌లాంటి చోట్ల ఉద్యోగాలు చేస్తున్న మన తెలుగు కుటుంబాలకైతే ఇది నాలుగు రోజుల సెలవులో తిరిగొచ్చే దూరమే.

* పిల్లలున్నవాళ్లు మాల్స్ నుంచి మెరానో వరకు మాత్రమే పెట్టుకున్నా చాలు. రెండు రోజుల్లో నింపాదిగా అయిపోతుంది. ట్రాక్ పనులున్నప్పుడు రైలు బదులు బస్సులు నడుస్తుంటాయి కాబట్టి ముందే కనుక్కోవాలి.

* హెల్మెట్, పల్చటి వానకోటు, అదనపు ట్యూబు తప్పనిసరి. బయల్దేరేముందు బ్రేకులు చూసుకోండి. ఊళ్లలోని కుళాయిల దగ్గర తాగునీరు దొరుకుతుంది. సీసా ఒకటి వెంట ఉంచుకుంటే చాలు.

* అత్యవసరమైతే యూరప్ అంతటా పనిచేసే ఫోన్ నంబరు 112.